నోట్లో మేకులు పెట్టుకోని మేస్త్రీ

"...బతికున్న మనిషికి కర్మ చేసినట్టు కాదా మరి ఇది? మామ ఇస్లాపూర్ల రోజుకు మూడు రొట్టెలు తిని తిరుగుతుండు. నువ్వేమో మీసాలు తీయించుకొనొస్తనంటవు."

"నేను మీసం తీస్తే బాపు చస్తడా?"

"ఊరోళ్ళు చంపుతరు. పొద్దుమూకేటాలకు ఇత్వార బజారంత చంపుతది."

"నెత్తి తీయించుకుంటలేను గద. ఒక్క మీసమే."

"ఆఁ, సగమే చచ్చిండని చెప్పుకుంటరు తీ."

నాందేడ్‌లోని ఇత్వారాలో, ఒక అద్దె గది గుమ్మంలో 1973 వేసవిలో జరిగిన పోట్లాట ఇది. మాట్లాడుతున్నది ద్రౌపది. జవాబు చెబుతున్నది ఆమె భర్త, వడ్ల మారోతి. వాళ్ళ వైపు కన్నతండ్రి పోయినప్పుడు తప్ప మగవాడు మీసం తీయించుకోడు. మారోతి తండ్రి డెబ్బై ఏళ్ళ వయసులో ఇంకా నాగళ్ళు చెక్కుతూనే ఉన్నాడు. ద్రౌపది మాటలో తప్పేమీ లేదు. ఆ సంగతి మారోతికీ తెలుసు. అయినా చెప్పులు వేసుకొని మంగలి దాసు దుకాణానికి నడిచాడు.

దాసు కత్తి పట్టుకొని ఆగిపోయాడు.

"ఎప్పుడు పోయిండు?"

"ఎవ్వరు పోలే. నువ్వు గొరుగు."

మారోతి అప్పటికి మూడు నెలలుగా మూగచెవిటి పిల్లల బడిలో వడ్రంగం నేర్పుతున్నాడు. ఊళ్ళో దాన్ని మూగబడి అనేవారు. పాత వాడా ఇంట్లో నాలుగు గదులు, వెనక ఒక రేకుల షెడ్డు. చిన్నపిల్లలకు గదుల్లో అక్షరాలు, మాటలు. పద్దెనిమిది దాటిన ఏడుగురికి షెడ్డులో కొయ్యపని. పెద్దగురువు శంకర్రావు బిలోలి వైపు రైతు కుటుంబం మనిషి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పిల్లలు చేతులతో కాకుండా ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవాలని ఆయన నియమం. జిల్లా ఆఫీసు ఆ షెడ్డుకు సాయం ఇస్తూ రెండు షరతులు పెట్టింది. నాలుగేళ్ళలో కనీసం ముగ్గురికి బయట పని దొరకాలి. నేర్పే మనిషికి సర్కారీ సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ ఉన్నవాడెవడూ మూగబడికి రాలేదు. అందుకని పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మారోతిని బతిమాలి తెచ్చుకున్నారు. రిజిస్టర్‌లో అతని పేరు పక్కన "తాత్కాలికం" అని రాశారు. ఆ మాట అర్థమేమిటో శంకర్రావు మొదటి రోజే దాచకుండా చెప్పాడు.

"సర్టిఫికెట్ ఉన్నోడు దొరికిన్నాడు నిన్ను పొమ్మనాల్సొస్తది, మారోతీ. ముందే చెప్తున్న."

"దొరికిన్నాడు చూద్దాం గురూజీ. అప్పటిదాక వీళ్ళకు రంపం పట్టుడన్న వస్తది."

మొదటి మూడు నెలలు ఎవరికీ రంపం పట్టడం రాలేదు. మారోతి చెప్పేవాడు, వాళ్ళు తల ఊపేవారు, చేసేది మరొకటి అయ్యేది. వీళ్ళకు చెవులే కాదు బుర్ర కూడా లేదేమోనని ఒకరోజు ద్రౌపదితో అన్నాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆ మాట తలచుకొని సిగ్గుపడేవాడు.

తప్పు ఎక్కడుందో చూపించినవాడు దిగంబర్. సగరోళి దగ్గర కూలి చేసుకొనే ఇంటి నుంచి వచ్చాడు, పందొమ్మిదేళ్ళు. ఒకనాడు మంచి టేకు పలకను మూడు అంగుళాలు పొట్టిగా కోసేశాడు. మారోతి కోపంతో ఏదో అన్నాడు. దిగంబర్ పెన్సిల్ తీసుకొని, పాడైన ఆ పలక మీదే ఒక ముఖం గీశాడు. ముఖానికి పెదవులను కప్పేసిన గుబురు మీసం. మీసం కింద నోట్లోంచి పొడుచుకొచ్చిన నాలుగు మేకులు. బొమ్మను చూపించి, తన కళ్ళను చూపించి, రెండు చేతులూ విప్పాడు.

మారోతి నోట్లో అప్పుడు సరిగ్గా నాలుగు మేకులే ఉన్నాయి.

వడ్రంగి ఎవడైనా మేకులు పెదవుల మధ్య పట్టుకొని, తల వంచి, కొట్టే చోటు చూస్తూ మాట్లాడతాడు. వాళ్ళ తాత అట్లాగే మాట్లాడాడు, బాపు అట్లాగే మాట్లాడాడు. వినేవాడికి చెవులుంటే ఇబ్బంది లేదు. ఈ ఏడుగురూ మాత్రం మూడు నెలలుగా ఒక మీసం కదలడం చూస్తూ పాఠం నేర్చుకుంటున్నారు.

మేకులను ఆ రోజే ఒక పాత మందు డబ్బాలో పోసి నడుముకు కట్టుకున్నాడు. నోట్లో నమిలే తంబాకు కూడా మానేశాడు. మీసం సంగతి ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ద్రౌపది చెప్పినట్టే జరిగింది. సాయంత్రానికి ముగ్గురు పరామర్శకు వచ్చారు. నాలుగో రోజుకు వార్త ఇస్లాపూర్ చేరింది. ఐదో రోజు పొద్దున ముసలాయన నడుముకు ధోవతి బిగించి, చేతిలో జొన్నరొట్టెల మూటతో స్వయంగా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను పోయిన్నట. చూసిపోదామని అచ్చిన."

ముసలాయన ఒక దుంగ మీద కూర్చున్నాడు. కొడుకు తల ఎత్తి, వెలుతురు ముఖం మీద పడేలా కిటికీ వైపు తిరిగి, ఒక్కొక్క మాట మెల్లగా పెదవులతో చెబుతుంటే చూశాడు. బల్ల కాలిని రెండుసార్లు తడితే నేల అదురుకు ఏడుగురూ తలలెత్తడం చూశాడు. మధ్యాహ్నానికి లేచి, ఒకరి చేతిలోని చిత్రిక పట్టే రందను తీసుకొని, దాని ఆకును వేలితో తడిమి, సరిచేసి ఇచ్చాడు.

వెళ్ళేటప్పుడు అన్నాడు. "నా కోసం తీసేది వీళ్ళ కోసం తీసినవ్. నేను పోయిన్నాడు ఏం తీస్తవురా?"

"మల్ల పెరుగుతది బాపు."

"యాడ పెరుగుతది. వారం వారం గొరిగిచ్చుకోవాలె గద. సరే, నువ్వు ఈ పని ఇడిసేదాక నేనే ఆగుత తీ."

ద్రౌపది ఆ తర్వాత మీసం ఊసెత్తలేదు. దూది సంగతి ఎత్తింది. మారోతి ఆ వానాకాలంలో ఒక వారం పాటు రెండు చెవుల్లోనూ దూది కుక్కుకొని, పైన రుమాలు కట్టుకొని పనిచేశాడు. ఇంటికీ అట్లాగే వచ్చేవాడు. ఆమె ఉప్పు తెమ్మంటే కట్టెలు తెచ్చేవాడు.

"చెవిటోనికి చెప్పాలంటే నాకు గూడ నీ బడిల పేరు రాయించు."

అతనికి ఒక సంగతి తేల్చుకోవాలని ఉండింది. రంపం దారి తప్పితే గొంతు మారుతుంది. మేకు పూర్తిగా దిగితే సుత్తె చప్పుడు మారుతుంది. వడ్రంగి సగం పని చెవితోనే చేస్తాడని అతనికి చిన్నప్పటి నుంచి నమ్మకం. ఆ సగం లేకపోతే ఏం మిగులుతుంది? వారం చివరికి తెలిసిందేమిటంటే, చప్పుడు మారక ముందే మణికట్టుకు తెలుస్తుంది. రంపం బిగుస్తుంటే చెక్కను పట్టుకున్న ఎడమ అరచేతిలో సన్నని వణుకు పుడుతుంది. మేకు పక్కన వేలు ఆనిస్తే చివరి దెబ్బ ఏదో వేలే చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా తన చేతికి ఇవన్నీ తెలుసు. చెవి అడ్డం ఉండడం వల్ల పట్టించుకోలేదు.

ఆ తర్వాత అతను నేర్పిన పద్ధతే వేరు. విద్యార్థి చేతి మీద తన చేయి వేసేవాడు కాదు. తన చేతి మీద వాళ్ళ చేయి వేయించుకొని, మంచి కోత ఒకటి, చెడ్డ కోత ఒకటి కోసి చూపించేవాడు. అతని మరాఠీని బజారులో జనం వెక్కిరించేవారు. షెడ్డులో ఆ బాధ లేదు, యాస పెదవుల మీద కనబడదు. రెండేళ్ళు తిరిగేసరికి దిగంబర్ చేసిన తలుపు చౌకట్‌లో బెజ్జానికీ అందులో దూరే కొసకూ మధ్య కాగితం పోయేది కాదు.

పని నేర్పడం ఒకటి, పని ఇప్పించడం ఒకటి. కట్టెల బజారులో నందకిషోర్ సేటు కార్ఖానా పెద్దది. సేటు ఐదారు భాషలు కలిపి మాట్లాడేవాడు. దిగంబర్ చేసిన కిటికీని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందన్నాడు. మనిషిని మాత్రం వద్దన్నాడు.

"ఎన్కనుంచి దుంగ దొర్లొస్తే ఎంత ఒర్రినా ఇనబడదు గద, మేస్త్రీ. పాపం నాకు చుట్టుకుంటది."

"నీ మిషన్ రంపం నడుస్తుంటే ఎవనికి ఇనబడతది సేటు? ఇప్పుడు లోపలికొచ్చేటప్పుడు నిన్ను మూడుసార్లు పిలిచిన."

సేటు నవ్వాడు. కానీ ఒప్పుకోలేదు. మారోతి మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు, ఊరికే వెళ్ళలేదు, పనిముట్లతో వెళ్ళాడు. కార్ఖానాలో ఒక మూలను చూసుకొని, గోడకు వీపు, తలుపుకు ముఖం ఉండేట్టు ఒక బల్ల బిగించాడు. అక్కడ నిలబడితే వెనకనుంచి ఏదీ రాదు, ముందునుంచి వచ్చేదంతా కనబడుతుంది. ఆ తర్వాతి రెండు ఆదివారాలు అక్కడి పనివాళ్ళతో గడిపాడు. దిగంబర్‌ను వెనకనుంచి పిలవొద్దు, బల్ల తట్టాలి. నోరు పెద్దగా తెరిచి అరవొద్దు, ముఖం చూపించి మామూలుగా మాట్లాడాలి. బీడీ నోట్లో పెట్టుకొని మాట్లాడొద్దు. ఈ చివరిదానికి వాళ్ళు చాలా గొణిగారు.

సేటు నెల రోజులు చూస్తానన్నాడు. ఆ నెల ముగిశాక వద్దనే మాట ఎత్తలేదు. మరుసటి దీపావళికి తానే మనిషిని పంపి ఇంకొకరిని అడిగాడు. 1976 చివరికి ఏడుగురిలో నలుగురు బయట పనిలో ఉన్నారు. మిగిలిన ముగ్గురికి తోడు కొత్తగా ఇద్దరు షెడ్డులో చేరారు. ఆఫీసు పెట్టిన మొదటి షరతు తీరిపోయింది.

రెండోది మర్చిపోలేదు వాళ్ళు. 1977 మే నెలలో కాగితం వచ్చింది. శంకర్రావు దాన్ని జేబులో పెట్టుకొని రెండు రోజులు తిరిగి, మూడో రోజు షెడ్డులోకి వచ్చాడు. ఐదుగురు బల్లల దగ్గర ఉన్నారు. మారోతి రంపానికి ఆకురాయి పెడుతున్నాడు.

"లాతూరు దిక్కు ఒకాయన ఉన్నడు, సర్టిఫికెట్ ఉన్నది. వచ్చే ఏడు జూన్ దాక గడువిచ్చిన్రు. అప్పటికి నీకు సర్టిఫికెట్ లేకపోతే ఆయన వస్తడు."

"మంచి పనోడేనా?"

"మంచి పనోడే. పోయి చూసొచ్చిన. బోర్డు దిక్కు తిరిగి మాట్లాడుతడు."

మారోతి ఆకురాయి ఆపలేదు.

"నిన్ను పొమ్మంటలేను. మదద్‌నీస్‌గా ఉంచుత, ఆయన కింద సాయానికి. జీతం కొంచెం తక్కువ. నీకు ఇష్టం లేకుంటే జిన్నింగోళ్ళు మల్ల పిలుస్తున్నరని విన్న."

"పిలుస్తున్నరు. ద్రౌపది గూడ పొమ్మంటున్నది." రంపాన్ని వెలుతురుకు ఎత్తి పళ్ళ వరస చూశాడు. "ఆ సర్టిఫికెట్ పరీక్ష నాసొంటోళ్ళు రాయరాదా?"

"రాయొచ్చు. పదేండ్లు పనిచేసినోడు బయటినుంచి రాయొచ్చు. చేతిపని నీకు లెక్క గాదు. కాయిదం మీద రాసే పరీక్ష ఒకటున్నది, మరాఠీల. రెండు గంటలు. దాంట్ల పోతరు అందరు." శంకర్రావు జేబులోని కాగితం తీసి విప్పాడు. "నువ్వు ఎంతదాక చదివినవ్?"

"నిజాం రాజ్యంల రెండు తరగతులు. ఉర్దూల."

"మరాఠీ అక్షరాలు?"

"బస్సు బోర్డు సదువుత. అది గూడ బొమ్మ గుర్తుతోని."

శంకర్రావు కాగితాన్ని మడతపెట్టాడు. మారోతికి అప్పటికి నలభై మూడేళ్ళు. ఐదుగురూ పని ఆపి వాళ్ళిద్దరి నోళ్ళవంకే చూస్తున్నారు. ఎంత పట్టుకున్నారో తెలియదు. కాగితం, జూన్ అనే రెండు మాటలు మాత్రం పట్టుకొని ఉంటారు.

మారోతి రంపాన్ని గోడకు తగిలించాడు. చేతులు దులుపుకొని, కిటికీ వెలుతురు ముఖం మీద పడే చోటికి వచ్చి నిలబడ్డాడు. బల్ల కాలిని రెండుసార్లు తట్టాడు. తర్వాత ఐదుగురి వైపు తిరిగి, ఒక్కొక్క మాట విడివిడిగా, తన వంకర మరాఠీలో చెప్పాడు.

"సోమవారం నుంచి పొద్దున పది గంటల దాకా మొదటి తరగతిలో చిన్నపిల్లలతో కూర్చుంటాను. అక్షరాలు నేర్చుకుంటాను. పది తర్వాత మీరు ఇక్కడ ఉండాలి, నేనూ ఉంటాను. వచ్చే ఏడు పరీక్ష రాస్తాను."