స్తంభంలో లేని కరెంట్

యలమంద ముప్పై అయిదేళ్ళు సముద్రం మీద వేటకు వెళ్ళాడు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయాక పడవ దిగాడు. ఇప్పుడు సూర్యలంక ఒడ్డున తాటాకు పందిరి కింద కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తాడు. చదువు మూడో తరగతితో ఆగింది. నీళ్ళ రంగు చూసి మాత్రం ఎక్కడ లోతో, ఎక్కడ లాగుడు ఉందో చెప్పగలడు.

పోయిన వేసవిలో ఆ పందిరి పక్కనే ఎవరో ఇనప స్తంభం పాతి పసుప్పచ్చ బోర్డు బిగించి వెళ్ళారు. 'డేంజర్. స్ట్రాంగ్ కరెంట్' అని తెలుగు అక్షరాల్లో రాసి, కింద పుర్రె బొమ్మ వేశారు. యలమంద కూడబలుక్కుని చదివి, స్తంభానికి కరెంటు వస్తోంది కాబోలు అనుకున్నాడు. ఆ రోజు నుంచి వలలు ఆరేసే తాడు దానికి కట్టలేదు.

"తడిచేత్తో దాని జోలికి పోమాక" అని భార్య పేరమ్మకు కూడా చెప్పాడు.

ఒక ఆదివారం పొద్దున తెనాలి నుంచి గోపాలకృష్ణ కుటుంబంతో వచ్చాడు. బట్టల కొట్టు నడుపుకునే మనిషి. బోర్డు చదివి, పిల్లలిద్దరినీ స్తంభానికి తగలకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, సరిగ్గా దాని ఎదురుగానే నీళ్ళలోకి దింపాడు. అటూ ఇటూ అలలు విరిగిపడుతున్నాయి గానీ అక్కడ మాత్రం నీరు నున్నగా ఉంది. పిల్లలకు ఇదే మంచి చోటు అనుకున్నాడు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయేది అటువంటి చోటు నుంచేనని ఆయనకు తెలియదు.

యలమంద లేచి కేకేశాడు. ఎదురుగాలికి ఆ కేక చేరలేదు. గోపాలకృష్ణ చిన్నపిల్లను ఒడ్డుకు లాగేలోపే పెద్దపిల్ల శ్రీజ నడుంలోతు నుంచి మెడలోతుకు వెళ్ళిపోయింది. ఒడ్డువైపు చేతులు కొడుతూనే వెనక్కి పోతోంది.

వలకు కట్టే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా అందుకుని యలమంద నీళ్ళలో పడ్డాడు. లాగుడుకు ఎదురు తిరగలేదు. దానితోపాటే వెళ్ళి పిల్లను అందుకున్నాడు.

"ఒడ్డుకు ఈదమాకమ్మా. డబ్బా గట్టిగా పట్టుకో. నాతోపాటు పక్కకి రా."

పిల్ల ఏడుస్తూనే చెప్పినట్టు చేసింది. ఇద్దరూ తీరం వెంబడి కొంతదూరం పక్కకు జరిగారు. అలలు విరిగే చోటికి రాగానే ఆ అలలే వాళ్ళను ఇసుక మీదికి తోశాయి.

గోపాలకృష్ణ కూతుర్ని దగ్గరికి లాక్కుని తువ్వాలుతో తల తుడిచాడు. తుడుస్తూనే అన్నాడు: "బోర్డు చూశాం బాబాయ్. స్తంభం షాక్ కొడుతుందని దూరంగానే ఉన్నాం. నీళ్ళ సంగతి కూడా రాసుంటే బాగుండేది కదా."

యలమందకు అందులో తప్పేమీ కనిపించలేదు. తాను అనుకున్నదీ అదే.

సాయంత్రం కూతురు వెన్నెల బాపట్లలో కాలేజీ నుంచి వచ్చాక జరిగింది చెప్పాడు. వెన్నెల అన్నం కలపడం ఆపింది.

"ఆ బోర్డు నీళ్ళ గురించే నాన్నా. ఇంగ్లీషులో కరెంట్ అంటే పారేది. తీగలో పారినా కరెంటే, నీళ్ళు పారినా కరెంటే. మనమేమో ఇంట్లో లైటుకే వాడుకుంటున్నాం."

"లాగుడునా అట్టా రాశారు?"

"అవును నాన్నా."

"అయితే ఇన్నేళ్ళూ నేను కరెంట్లోనే పనిచేశానన్నమాట" అన్నాడు. పేరమ్మ నవ్వింది. అతను నవ్వలేదు. తనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతినే తనకు తెలియని మాటలో రాసి పెట్టారే అన్న బాధ అతన్ని వదల్లేదు.

మర్నాడు వెన్నెలను వెంటబెట్టుకుని బాపట్లలో ఆ బోర్డు పెట్టించిన ఆఫీసుకు వెళ్ళాడు. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు.

"మాట సరైనదే కదా పెద్దాయనా. తప్పేముంది?"

"తప్పని నేననలేదండి. మీ అటెండరు గారిని పిలిచి ఒకసారి చదివించండి."

అటెండరు వెన్నెల ఫోన్లో బోర్డు ఫొటో చూశాడు. "స్తంభం ముట్టుకోకూడదనండి" అన్నాడు తడుముకోకుండా.

ఆఫీసరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "మీరే చెప్పండి, ఏం రాయాలో."

యలమంద చెప్తుంటే ఆయన రాశాడు. 'ఇక్కడ నీళ్ళు మనిషిని లోపలికి లాగుతాయి. దిగవద్దు. లాగితే ఒడ్డుకు ఎదురీదవద్దు, పక్కకు రండి.' కొత్త బోర్డు రావడానికి మూడు వారాలు పట్టింది. అందాకా శని, ఆదివారాలు యలమందే ఆ నీళ్ళకు అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళందరికీ ఆ నాలుగు ముక్కలూ చెప్పాడు.

అలా విన్నవాళ్ళలో సుజన ఒకరు. రేపల్లెలో టీచరు. విహారయాత్రకు వెళ్ళేముందు మా పిల్లలకు ఒకసారి చెప్పండని పిలిచారు. యలమంద ఉతికిన చొక్కా వేసుకుని, జీవితంలో మొదటిసారి సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల మీద ఒడ్డు గీశాడు, అలలు గీశాడు, నడుమ నున్నటి చోటు గీశాడు. కుడి చెయ్యి పైకి లేవక ఎడం చేత్తో గీసేసరికి గీతలు వంకరపోయాయి. పిల్లలు మాత్రం కదలకుండా విన్నారు.

వెనక బెంచీలోంచి ఒక పాప లేచింది. "మా ఊరి కాలవలో కూడా కరెంట్ ఉంటుందా తాతా?"

"లాకులెత్తి నీళ్ళు వదిలిన రోజున ఉంటది తల్లీ. ఎత్తినట్టు నీకెట్టా తెలుస్తది?"

పాప ఆలోచించింది. "నీళ్ళు ఎర్రగా వస్తాయి. గుర్రపుడెక్క కొట్టుకొస్తది."

"అదీ. ఇంకా ఎట్టా తెలుస్తది, మీరంతా చెప్పండి?"

అప్పుడు తరగతి మొత్తం ఒక్కసారిగా చేతులెత్తింది.