ఆదివారం నాటి తాళం

సత్తవ్వ మీద తాకీదు రాసిన అంగన్‌వాడీ ఆఫీసు సాహెబు పేరు చెప్పను. చెబితే నా నోరు పాడవుతుంది.

మహారాష్ట్రలోని సిరోంచ బస్టాండు పక్కన నాదొక జిరాక్స్ షాపు. సత్తవ్వ మా వాడ అంగన్‌వాడీలో వంట చేసే మదత్‌నీస్, అంటే ఆయా. ఇరవై రెండేళ్లుగా అదే పని. నేనూ ఆమె చేతి కిచిడీ తిని పెరిగినవాణ్ణే. పిల్లలకు ఆటపాటలు నేర్పాల్సిన సేవిక పోస్టు రెండేళ్లుగా ఖాళీ. పిల్లల్ని ఇంటింటికీ తిరిగి పట్టుకురావడం, పొయ్యి ముట్టించడం, బరువులు తూచడం, అన్నీ ఈమె నెత్తినే పడ్డాయి. చదువు రాదు కాబట్టి బరువులన్నీ నోటికి గుర్తుపెట్టుకుని, సాయంత్రం షాపుకొచ్చి నాతో రిజిస్టర్‌లో రాయించుకునేది. ఇద్దరి పని ఒక్కమనిషితో చేయించుకునేవాళ్లకు సిగ్గుండాలి. లేదు.

అక్టోబర్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె మడత పెట్టిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"జర చదువు వాహిదూ. ప్యూన్ ఇచ్చి పోయిండు. మరాఠీల ఉన్నది."

చదివాను. సెప్టెంబర్ పద్నాలుగున పదకొండు గంటలకు సాహెబు స్వయంగా తనిఖీకి వచ్చాడట. కేంద్రానికి తాళం వేసి ఉందట. ఒక్క పిల్లా లేదట. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే సత్తవ్వను పనిలోంచి తీసేస్తారట.

ఆమె స్టూలు మీద కూలబడింది. భర్త ఐలన్న పోయాక ఆ ఇంటికి ఉన్న ఆధారం ఆ పని ఒక్కటే.

అప్పుడు నాకొచ్చిన తెలివి చూడండి. మా దగ్గర తాకీదు వస్తే తప్పు జరిగిందా లేదా అని ఎవరూ అడగరు. 'తబియత్ బాగాలేదు, మాఫ్ చేయండి' అని రాసిచ్చేస్తారు. అలాంటి అర్జీలు నేనెన్ని టైపు చేశానో. అలవాటుకొద్దీ అదే మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నవ్?" అని అడిగింది.

"నీకు జరమొచ్చిందని."

"నాకెప్పుడొచ్చింది జరం? నేను తాళమేసిన్నా? ఏ వారమది?"

"పద్నాలుగో తారీఖు, అవ్వా."

"తారీఖు నాకెందుకురా, వారం చెప్పు. సోమారమైతే కిచిడి, మంగళారమైతే శనగలు. వారం చెప్పు, ఆనాడు ఏం వండిన్నో, ఎవలు తిన్నరో, ఎవలు కక్కుకున్నరో గుడ చెప్త."

తారీఖు పెడితే వారం చెప్పే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఫారాలు నింపించుకోవడానికి వచ్చేవాళ్లు 'అంగడి మర్నాడు' అంటారే తప్ప తారీఖు చెప్పరు, అందుకని పెట్టుకున్నాను. సంవత్సరం, నెల, పద్నాలుగు నొక్కాను. ఆదివారం అని పడింది. నమ్మకం కుదరక మళ్లీ నొక్కాను. ఆదివారమే.

"పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు ముందటి ఐతారం," అన్నాను.

సత్తవ్వ స్టూలు మీంచి లేచింది. "ఐతారం ఏ అంగన్‌వాడి తెరుస్తరు?" అంది మెల్లగా.

నాకు ఒళ్లు మండిపోయింది. సాహెబు మీద సగం, నా మీద సగం. చేయని తప్పు చేశానని ఆమె చేత వేలిముద్ర వేయించబోయింది నేనే కదా. ఆ అర్జీ అక్కడికక్కడే చెరిపేశాను.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. సాహెబు నా ఫోన్‌లో వారం చూశాడు, కాగితం చూశాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. "టైపింగ్ తప్పు. పదిహేను అయ్యుంటుంది," అని మరాఠీలో అంటూ పెన్నుతో అంకె దిద్దబోయాడు.

సత్తవ్వకు మరాఠీ మాట్లాడటం రాదు కానీ అర్థమవుతుంది. కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

"పదిహేనంటే సోమారం. ఆనాడు ఇరవై మూడు మంది కిచిడి తిన్నరు. పదకొండింటికి దవాఖాన నర్సమ్మ వచ్చి పోరగాండ్లకు సూదులేసింది. ఆమె రిజిస్టర్ల ఉంటది, తెప్పియ్యుండ్రి."

నేను మరాఠీలో చెప్పాను. సాహెబు పెన్ను పక్కన పెట్టి, గుమాస్తా చేత వేరే కాగితం రాయించి, ముద్ర కొట్టి మా వైపు తోశాడు.

"చదువు," అంది సత్తవ్వ.

విషయం ముగిసిందని ఉంది. దాని కింద ఇంకో వాక్యం: ఇకముందు ఇలాంటి నిర్లక్ష్యం చేయరాదని మదత్‌నీస్‌ను హెచ్చరించడమైనది.

ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఎన్నడూ కూర్చోని మనిషి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిర్లక్ష్యం ఎవలది సారూ? మీ తప్పు పెన్నుతోని దిద్దుకుంటే అయిపాయె. అదే తప్పుకు నా కడుపు కొడుతుంటిరి. ఆ ముక్క కొట్టేసేదాక నేను లేవ. పోరగాండ్లు అన్నానికి ఎదురుచూస్తున్నరు, జల్ది కొట్టేయుండ్రి."

ఒక్క మాట కూడా మెత్తబరచకుండా అంతా మరాఠీలో చెప్పాను. సాహెబు ఆ వాక్యం మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టాడు. తప్పయిందని మాత్రం అనలేదు.