రాకుమారిని ఎవరడిగారు

మా ఇంటికీ ఆపా వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గోడ అవతల ఆపా కుట్టుమిషను తొక్కుతుంటే, నిద్రకూ మెలకువకూ నడుమ పడుకున్న నాకు అది ఎక్కడో తీరిగ్గా పోతున్న రైలులా వినపడేది. నకిరేకల్‌కు రైలు లేదు. లేదు కాబట్టే ఆ రైలు నేను పొమ్మన్న చోటికల్లా పోయేది. సముద్రం పక్కనుంచి పోయేది, మంచుకొండల కిందనుంచి పోయేది, ఒక్కోసారి మబ్బుల్లోకి కూడా పోయేది. కాసేపటికి ఆ చప్పుడు ఆగి, గోడ మీద కత్తెర పిడితో కొట్టిన శబ్దం వచ్చేది. పుస్తకం పట్టుకుని రమ్మని దానర్థం.

ఎనభైల నడుమ సంగతి ఇది. నేను పదో తరగతి. ఆపా అంటే ఉర్దూలో అక్క, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఉర్దూ బడిలో చదివింది కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేది గానీ చదవడం రాదు. నాకేమో చదవకపోతే పొద్దు గడవదు. మా అమ్మ దృష్టిలో నవల అంటే ఆడపిల్లను చెడగొట్టే వస్తువు. "గా కతలు చదివి చదివి ఆగమైతవు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా సోయి ఉండది" అనేది. అందుకని బస్టాండు దగ్గరి కిరాయి పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన నవల మా గడప తొక్కకుండానే ఆపా ఇంట్లో గుడ్డముక్కల మూట కిందికి చేరేది. నేను పైకి చదివేదాన్ని, ఆపా వింటూ కుట్టేది. సందులో అమ్మ గొంతు వినపడితే ఆపా మిషను జోరు పెంచేది. ఆ చప్పుడులో నాయకుడి ప్రేమ మాటలన్నీ కొట్టుకుపోయేవి.

మేం చదివినవి రెండే రకాలు. మాయలూ మంత్రాలూ ఉండే నవలలు, ప్రేమ నవలలు. దుకాణంలో ఇంకా ఏవేవో ఉండేవి గానీ మాకు వాటితో పని లేదు.

మాయల నవలల్లో ఊరికి దారి చెప్పరు. ఏడు సముద్రాల అవతల అంటారు, అంతే. నాకు అదే నచ్చేది. నేను సముద్రం చూసి ఎరగను కాబట్టి ఆ కథలన్నిటినీ మా చుట్టుపక్కలే నిలబెట్టుకున్నాను. కట్టంగూర్ పోయే తోవలో బస్సు కిటికీలోంచి కనపడే రాళ్ళగుట్ట మాంత్రికుడి గుహ. బండ మీద బండ పడిపోకుండా అట్లా నిలబడిందంటే అది మనుషులు పెట్టింది కాదు, ఆయనే పెట్టి ఉంటాడు. రాకుమారుడి గుర్రం జొన్నచేల నడుమ నుంచి వచ్చేది. బజారులోని నిమ్మకాయల బస్తాల వాసన మోసుకుని గాలి మా సందులోకి తిరిగితే, రాకుమారి తోటలోకి వచ్చిందన్నమాట. కిటికీకి అడ్డం కట్టిన పాత ఎర్ర దుపట్టాలోంచి వెలుతురు పడి గది అంతా ఎర్రగా ఉండేది. ఆ వెలుతురులో తల వంచుకుని కుడుతున్న ఆపా నాకు కథలో మనిషిలాగే కనపడేది. చదువుతూ చదువుతూ ఎప్పుడు పుస్తకంలో ఉన్నానో, ఎప్పుడు గదిలో ఉన్నానో నాకే తెలిసేది కాదు.

ప్రేమ నవలల మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. చదవకుండా ఉండలేకపోయాను, అది వేరే సంగతి. ఆ నాయకులకు కోపం తప్ప ఇంకో గుణం ఉండదు. నాయికకు కళ్ళు తప్ప ఇంకో అవయవం ఉండదు. అందరూ సముద్రం ఒడ్డున తిరుగుతారు, కాఫీ తాగుతారు, మా ఊళ్ళో ఎవరూ మాట్లాడని తెలుగు మాట్లాడతారు. మాలాగా మాట్లాడే మనిషి ఆ పుస్తకాల్లో కనపడితే వాడు గేటు దగ్గర కాపలావాడో, కత్తి పట్టుకున్న రౌడీయో అయి ఉంటాడు. వాడికీ ఒక ప్రేమ ఉంటుందని రాసిన వాళ్ళకు తోచలేదు కాబోలు.

ఆపా ఫిర్యాదు వేరు. "గంత గాలిల పైట ఎగురుతాంటె ఒక పిన్ను పెట్టుకోరాదే" అనేది. నాయకుడి పక్కన ఇంకో అమ్మాయిని చూసి నాయిక అపార్థం చేసుకుని సూట్‌కేసు సర్దుకునే ఘట్టం ప్రతి నవలలోనూ వచ్చేది. అది రాగానే మిషను ఆపేసేది.

"ఆమె ఎవరని ఒక్క మాట అడగరాదే?" అనేది.

"అడిగితే నవల అయిపోతదాపా" అనేదాన్ని.

"అయిపోనీ. ఆమెకు ఏడుపు తప్పుతది గద."

ఒకరోజు మాయల నవలే చదువుతున్నాం. రాకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోయి గుహలో పెట్టాడు. రోజూ పొద్దున్నే వచ్చి నన్ను పెళ్ళాడతావా అని అడుగుతాడు. ఆమె ఛీ పో అంటుంది. వాడు కళ్ళెర్ర జేసి వెళ్ళిపోతాడు. చివరికి రాకుమారుడు వచ్చి మాంత్రికుణ్ణి చంపుతాడు. రాజు సంతోషంతో కూతురినీ అర్ధరాజ్యాన్నీ అతనికి ఇచ్చేస్తాడు. నేను తృప్తిగా పుస్తకం మూశాను. ఆపా దారం కొరికి, ఆలోచిస్తూ అంది.

"ఏమే, గీ రాకుమారుడు ఆమెను అడిగిండా?"

"ఏమని?"

"చేసుకుంటవా అని."

వెనక్కి తిప్పి చూశాను. అడగలేదు. రాజు ఇచ్చాడు, ఇతను తీసుకున్నాడు.

"మాంత్రికుడే నయం. రోజూ అడిగిండు పాపం" అంది ఆపా. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే నాకు మనసులో ఎక్కడో చివుక్కుమంది. అప్పటిదాకా నేను చదివిన కథలన్నీ తలచుకుని చూశాను, ఒక్క రాకుమారుడూ అడగలేదు.

ఆ చలికాలమే ఆపాకు మక్తల్ సంబంధం వచ్చింది. అబ్బాయికి సొంత సైకిల్ దుకాణం. మంచి మనిషే అన్నారు. ఆపా ఫోటో చూసింది, బాగున్నాడంది, సిగ్గుపడింది కూడా. ఆయన తల్లి వచ్చి చూసిపోయేటప్పుడు గడప దగ్గర ఆగి, మూలనున్న మిషను వైపు చూసింది. "మా ఇంట్ల ఆడోళ్లు బయటోళ్ల బట్టలు కుట్టరు. గిది ఈడనే ఉంచుండ్రి" అంది. ఆపా వాళ్ళ అమ్మీ సరేనని తల ఊపింది. ఆ మాటతో ఆపా ముఖం వాడిపోవడం నేను చూశాను.

ఆ రోజు నుంచి గోడ మీద కత్తెర చప్పుడు రాలేదు. నేనే వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆపా దాని ముందు ఊరికే కూర్చుని ఉంది.

"గిది తొక్కుతున్నప్పుడే నన్నెవరూ లెవ్వుమనరు, పొమ్మనరు" అంది. "నా పని నాకుంటది. నలుగురు వస్తరు, మాట్లాడుతరు. ఆడికి వోయినంక గా నాలుగు గోడల నడుమ నేనేం చెయ్యాలె?"

అమ్మీని అడిగావా అన్నాను. అడిగిందట. పెళ్ళయ్యాక మెల్లగా ఆయనతో చెప్పుకో, మంచిగా ఉంటే ఆయనే ఒప్పుకుంటాడు అందట అమ్మీ. నాకు అది ఎంతో సబబుగా తోచింది. నేను చదివిన ప్రతి ప్రేమ నవలలోనూ చివరి పేజీల్లో నాయకుడు నాయిక కళ్ళల్లోకి చూసి అంతా గ్రహించేస్తాడు. నేనూ అదే చెప్పాను. నీ కళ్ళు చూస్తే ఆయనకే తెలిసిపోతుంది ఆపా అన్నాను.

ఆపా నా వైపు జాలిగా చూసింది. "కండ్లల్ల మిషను కనిపిస్తదానే?" అంది.

నికా రోజు మధ్యాహ్నం మా సందంతా షామియానా నీడలో ఉంది. బయట మగవాళ్ళు, లోపలి గదిలో ఆడవాళ్ళు, నడుమ ఒక పరదా. ఆపా పక్కన కూర్చునే హక్కు నాకు దక్కింది. ఎర్ర ముసుగు కింద ఆపా, అత్తరు వాసన, బగారా అన్నం ఆవిరి, చేతినిండా గోరింటాకు. ముసుగులోంచి పడే ఆ ఎరుపు చూస్తుంటే నాకు మళ్ళీ పుస్తకంలోకి జారిపోతున్నట్టే అనిపించింది.

వాళ్ళల్లో పెళ్ళికి ముందు పెళ్ళికూతుర్ని అడుగుతారు. ఆమె తరఫు పెద్దమనిషి ఒకరు ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి, ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా అని మూడుసార్లు అడగాలి. ఆమె ఒప్పుకున్నాకే బయట పెళ్ళికొడుకును అడుగుతారు. ఇది నాకు ఆపానే చెప్పింది. కానీ పిల్ల నోరు తెరిచి చెప్పాలని ఎవరూ అనుకోరు. గట్టిగా చెబితే సిగ్గులేనిదంటారు. తల వంచితే చాలు, అది ఒప్పుకున్నట్టే. వంచకపోతే వెనక కూర్చున్న పెద్దావిడ ఎవరో మెల్లగా వంచుతుంది. అందుకోసం ఆపా వెనక వాళ్ళ ఖాలా, అంటే తల్లి అక్క, సిద్ధంగా కూర్చుంది.

ఆపా మేనమామ, వాళ్ళ మాటలో మామూ, సాక్షులతో వచ్చి పరదా పక్కన నిలబడ్డాడు. అక్కడ మాటలన్నీ ఉర్దూలోనే జరిగాయి. ఇన్నేళ్ళలో అవి నా తలలో మా తెలుగులోకి మారిపోయి ఉన్నాయి.

"బిడ్డా, మక్తల్ పిల్లగానితోని నికా నీకు కబూలేనా?"

ఆపా పలకలేదు. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. సిగ్గనుకున్నారు.

మామూ రెండోసారి అడిగాడు. ఖాలా చెయ్యి ఆపా తల వెనక్కి వచ్చింది. ఆపా ఆ చేతిని పట్టుకుని, మెల్లగా తీసి చాప మీద పెట్టింది.

"జర ఆగు మామూ. నా మిషను నాతోని వస్తదా రాదా, ఆయన్ను అడిగి రా. గప్పుడు చెప్త."

గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. అమ్మీ పరుగున వచ్చి ఆపా ముందు కూలబడింది. "గీ మాట ఇప్పుడా? తర్వాత అడుగరాదే" అంది ఏడుపు గొంతుతో.

"తర్వాత నన్నెవరు అడుగుతరమ్మీ? అడిగేది ఇయ్యాల ఒక్కరోజే గద" అంది ఆపా.

మామూ సాక్షుల వైపు చూశాడు. బయటికి పోయాడు. ఆ వెనకే ఆడవాళ్ళ నడుమ కూర్చున్న పెళ్ళికొడుకు తల్లి కూడా విసురుగా లేచిపోయింది. షామియానా కింద మాటలు ఒక్కొక్కటే ఆగిపోవడం వినపడింది. మక్తల్ నుంచి వచ్చిన బస్సు సందు చివర ఆగి ఉంది. అది వాళ్ళను ఎక్కించుకుని వెనక్కి తిరిగిపోతే ఆపా గతి ఏమిటి, ఊళ్ళో ఏమంటారు, రేపు ఈమెను ఎవరు చేసుకుంటారు. ఇవన్నీ ఒక్కసారే తలలో తిరిగాయి. నేను చదివిన ఏ నవలలోనూ ఇంతసేపు ఎవరూ ఎదురుచూడలేదు.

మామూ తిరిగొచ్చాడు. "మిషను సంగతి గా పిల్లగానికి ఎరికే లేదట. ఆయనకు ఎవరూ చెప్పలేదట. ఇప్పుడు వాళ్లమ్మ మాత్రం వద్దే వద్దంటున్నది." గొంతు తగ్గించాడు. "వద్దంటే నువ్వేమంటవో అడిగి రమ్మన్నడు."

ముసుగులోంచి ఆపా గొంతు వచ్చింది.

"వద్దంటె నేను గూడ వద్దంట."

అమ్మీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఖాలా లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. మామూ మళ్ళీ బయటికి పోయాడు. ఈసారి బయట ఒక ఆడగొంతు కోపంగా లేచి, ఒక మగగొంతు నెమ్మదిగా ఏదో చెప్పి, మళ్ళీ ఆడగొంతు లేచి, చివరికి ఆగిపోయింది. ఏ మాటా నాకు సరిగ్గా వినపడలేదు.

మామూ పరదా పక్కకు వచ్చాడు. చెమట తుడుచుకున్నాడు.

"తెచ్చుకొమ్మన్నడు. వాళ్లమ్మకు తనే చెప్పుకుంటడట." గొంతు సవరించుకుని, మొదటిసారి అడుగుతున్నంత మర్యాదగా మూడోసారి అడిగాడు. "నీకు కబూలేనా బిడ్డా?"

"కబూల్" అంది ఆపా. షామియానా చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేట్టు అంది.

మళ్ళీ గాజులు గలగలమన్నాయి. ఎవరో నవ్వారు, ఎవరో సిగ్గులేదన్నారు, బయట పెళ్ళికొడుకును అడగడం మొదలైంది. ఇంత ధైర్యం ఆపాకు ఎక్కడినుంచి వచ్చిందా అని నేను పొంగిపోతున్నాను. అప్పుడు ఆపా నా చెయ్యి పట్టి ముసుగులోకి లాగింది. కాటుక అంతా చెంపల మీదికి కారిపోయి ఉంది.

"గాయన వద్దని ఉంటె నేనేం జేస్తుంటినే?" అంది నా చెవిలో. "నాకు తెల్వదే. నిజంగ తెల్వదు."

గోరింటాకు పెట్టిన ఆమె చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకుని, బయట ఆయన కబూల్ అనేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.