ఎర్రగుడ్డ దించేదాకా

సముద్రపు తుపాను మా దాకా వచ్చేసరికి సగం చచ్చి ఉంటుంది. ఆ మిగిలిన సగాన్ని కొలవడమే నా ఉద్యోగం. ఎనభైల చివర్లో, పాల్వంచ దాటాక అడవి అంచున, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. దాని ముందు ఆకాశంలోకి నోరు తెరిచిన పెద్ద గరాటు. అది పైకి కూత వేస్తుంది. గాలి పొరలకు తగిలి తిరిగొచ్చిన చప్పుడుని లోపలి యంత్రం కాగితం చుట్ట మీద నల్లగా గీస్తుంది. దగ్గర్లో ఎవరు చప్పుడు చేసినా అదీ మచ్చగా పడుతుంది.

గరాటు దగ్గర కాపలాకి పక్క గూడెం పెద్దాయన ఉండేవాడు. ఆయనకి పొడిదగ్గు. కాగితం మీద ఆయన దగ్గుల్ని వేలు పెట్టి చూపించి మరీ విసుక్కునేవాణ్ణి. కొలత నడుస్తోందని గుర్తుగా కర్రకి ఎర్రగుడ్డ ఉన్నంతసేపు పులి వచ్చినా నన్ను పిలవొద్దని నేనే నేర్పాను. ఆ నేర్పడం చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ ఏడాది తుపాను మా అక్క ఉండే ఊరి దగ్గరే తీరం దాటింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఫోన్లు పనిచేయడం లేదు, కబురు లేదు. మర్నాడు ఇక్కడ వాన ఆగి గాలి మిగిలింది. మూడేళ్లుగా ఎదురుచూసిన గాలి. పొద్దున పదింటికి ఎర్రగుడ్డ కట్టించి, తలుపేసుకుని యంత్రం ముందు కూర్చున్నాను. ఈ గాలి అక్క ఇంటి మీదుగానే వచ్చి ఉంటుందని తెలుసు. అయినా గంటగంటకీ అంకెలు రాసుకున్నాను.

నాలుగింటికి గుడ్డ దించమన్నాను. పెద్దాయన దించి, మడతపెట్టి, రొండిన దోపుకున్న చీటీ తీసి ఇచ్చాడు. విజయవాడ నుంచి వచ్చిన బస్సు కండక్టరు పదకొండింటికి ఇచ్చి వెళ్లాడట. బావ రాత. గోడ కూలి అక్క మీద పడిందని, విజయవాడ ఆసుపత్రిలో నన్నే అడుగుతోందని, వెంటనే రమ్మని.

ఇంతసేపు ఎందుకివ్వలేదని అడిగాను.

"జల్దీ ఇయ్యమన్నడు సారూ. గుడ్డ ఉండె గద. దాని దిక్కే సూసుకుంట కూసున్న."

మధ్యాహ్నం బస్సు ఎక్కి ఉంటే చీకటి పడేలోపు చేరేవాణ్ణి. అక్క చీకటి పడ్డాక పోయింది. తర్వాతి బస్సు రాత్రికి గానీ లేదు, నేను తెల్లవారి చేరాను. ఏడుపు రాలేదు. కర్మలన్నీ అయ్యాక కూడా రాలేదు. తిరిగొచ్చి డ్యూటీలో చేరి, పెద్దాయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. అదీ రాలేదు.

ఆ రోజు చుట్ట ఆఫీసుకి పంపాలి కాబట్టి విప్పి చూశాను. పదకొండు దగ్గర బస్సు ఆగిన మచ్చ ఉంది. అక్కడి నుంచి నాలుగు దాకా పెద్దాయన ఒక్కసారి కూడా దగ్గలేదు.