అమ్మమ్మ కథలో ఆ పిట్ట ఎవరు?

మా చిన్నప్పుడు... వానలు తగ్గాక అమ్మమ్మ వసారాలో కూర్చుని అడ్డాకులు కుట్టేది. సన్నటి వెదురు పుల్లలతో ఒక్కో విస్తరి చకచకా తయారయ్యేది. పుల్లలు అందించడం నా పని. అందించినంతసేపూ ఏదో ఒక కథ నడుస్తూనే ఉండేది...

పాచిపెంట పైన కొండల్లో మా ఊరు. ఒక ఏడాది మాత్రం ఊళ్లో ఎవరూ ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు.

ఊరంతా సంతకు దిగిన రోజు ఎవరో కొండ కింద జీపు ఆపి, నడిచి పైకొచ్చి, మా కొండ మీది బండలకు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్లారు. రాయి తవ్వుతారట... కింది ఊళ్లలో చెప్పుకున్నారు. ఆ బండల కిందే మా ఊట. మేం తాగేది ఆ నీళ్లే. అక్కడికి పొదల్లోంచి పోయే దారి బయటివాళ్లకు తెలియదు.

"మనోడే ఎవుడో దారి సూపించాడు" అన్నాడు ఊరి పెద్ద లచ్చన్న.

ఇక అంతే... ఊట దగ్గరికి ఒకరు బిందె పట్టుకుని వస్తే మిగతావాళ్ల మాటలు ఆగిపోయేవి. ఎవరైనా కొత్త చొక్కా వేసుకున్నా అనుమానమే. పక్కింటి చిలకమ్మ కొడుకు సెల్‌ఫోన్ కొన్నాడని ఆ ఇంటి గుమ్మం తొక్కడమే మానేశారు.

అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం, అమ్మమ్మ ఆ కథ ఎత్తుకుంది. వసారాలో నేనూ, చుట్టుపక్కల పిల్లలూ, అమ్మమ్మ తమ్ముడు గంగులు తాతా ఉన్నాం. 'అప్పా' అని పిలుచుకునే అక్క చేతి చోడి (రాగి) అంబలి తాగనిదే ఆయనకు రోజు గడిచేది కాదు.

కథ ఇదీ... ఒక వేటగాడు కౌజుపిట్ట పిల్లను తెచ్చి గింజలు వేసి పెంచాడు. పెద్దయ్యాక దాన్ని బుట్టలో పెట్టి అడవికి తీసుకెళ్లి, వల పక్కన ఉంచాడు. అది కూసింది. మనవాళ్లెవరో పిలుస్తున్నారని అడవిలోని కౌజులన్నీ వచ్చి వలలో పడ్డాయి. అలా పిలిచే పిట్టను దీమం అంటారు.

అమ్మమ్మ అక్కడ ఆపేసింది.

గంగులు తాత అంబలి గిన్నె కింద పెట్టాడు. "అప్పా... ఆ దీమం పిట్ట ఆకరికి ఏటయినాది?"

"నాకేటి తెలుసురా? కత అక్కడితో అయిపోనాది" అంది అమ్మమ్మ.

పిల్లలం ఆగుతామా! సాయంత్రానికి ఆ కథ ఊరంతా తిరిగింది.

ముందు చిలకమ్మ వచ్చింది. "నా పేర్లో పిట్టుందని నా మీద కతలు కడతావేటి, అప్పా?" అని ఒకటే ఏడుపు.

ఆ వెనకే లచ్చన్న. "ఊళ్లో అందర్నీ మీటింగుకి పిలిసేవోడిని నేను. అంటే ఆ పిట్ట నేనేనేటి?" అని కేకలు.

అమ్మమ్మ ఇద్దరికీ ఒకటే మాట చెప్పింది. "పిట్టంటే పిట్టే."

ఎవరూ నమ్మలేదు. ఊళ్లో ఎవరికి వారే ఆ కథలోకి దూరి చూసుకున్నారు...

గంగులు తాత మాత్రం రావడం మానేశాడు. అమ్మమ్మ రోజూ ఆయన వాటా అంబలి పోసి మూత పెట్టేది. పిలుచుకు రమ్మని నన్ను ఒక్కసారి కూడా పంపలేదు. అది నాకు వింతగా ఉండేది.

చివరికి బడి దగ్గర మీటింగు పెట్టారు. "ఆ పిట్ట పేరు సెప్పు" అని లచ్చన్న అమ్మమ్మని నిలదీశాడు. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడి వైపు కాదు కదా, ఎవరి వైపూ ఆమె చూడలేదు.

అప్పుడు వెనకనుంచి గంగులు తాత లేచాడు.

"అప్పనేటి అడుగుతారు? దారి సూపించింది నేనే. కొండకి రోడ్డేస్తామన్నారు. నా కూతురు పురిటి నొప్పులతో డోలీలోనే పోనాది, మీకు తెల్దేటి? ఇంకో ఆడగుంటకి అలా అవకూడదనుకున్నాను... రాయి తవ్వుతారని నాకు సెప్పనేదు."

లచ్చన్న కొట్టబోయి, ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆ డోలీ మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

"మరిప్పుడేటి సేత్తావు?" అన్నాడు మెల్లగా.

"ఆళ్లు మళ్లీ వొస్తారు. నేనే ఎదురెల్తాను."

జీపు మళ్లీ వచ్చిన రోజు తాత కొండ కిందికి దిగి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనక ఊరంతా. "ఊరు ఒప్పుకోనేదు. బేగి ఎల్లిపోండి" అన్నాడు. చాలాసేపు వాదించారు, బెదిరించారు... చివరికి జీపు వెనక్కి తిప్పుకుని పోయారు. మళ్లీ రాలేదు.

మర్నాడు తాత అంబలికి వచ్చాడు. అమ్మమ్మ గిన్నె ముందు పెట్టింది. ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు.

నేనుండబట్టలేక అడిగాను. "అమ్మమ్మా, నీకు ముందే తెలుసు కదూ?"

"ఏటి తెలుసే గుంటా? ఊసుపోక ఓ పిట్ట కత సెప్పాను" అంది, ఆకు మీంచి చూపు ఎత్తకుండానే.

నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను.

తర్వాత డిగ్రీలో తెలుగు మేడం ప్రతీకల పాఠం చెప్పారు. కథలో పువ్వు ఉంటే అది పువ్వే కానక్కర్లేదు, నది ఉంటే నదే కానక్కర్లేదు అని. క్లాసంతా రాసుకుంటోంది. నేను మాత్రం చెయ్యెత్తి, "కథ చెప్పినవాళ్లు నేనలా అనలేదంటే ఏం చేయాలి మేడం?" అని అడిగాను. అందరూ నవ్వారు.

ఇప్పుడు మా ఊళ్లో వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరి మీదైనా అనుమానం వస్తే పేరూ ఫొటోతో సహా వెంటనే పెట్టేస్తున్నారు. నిజమో కాదో తేలేలోపే ఆ మనిషి ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాడు. ఆలోచించుకుని, తనంతట తాను లేచి నిలబడే వ్యవధి... ఎవరూ ఎవరికీ ఇవ్వడం లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన కథ వింటూ "ఇది నా గురించేనా?" అని ఎప్పుడైనా మీ గుండె గుబుక్కుమందా? ఆ కథేదో ఇక్కడ రాయండి... ఎవరి గురించో మాత్రం చెప్పకండి.