పద్దెనిమిది గ్రూపులు, ఒక్క తాత

మా చెల్లెలి పెళ్లి ఆల్బంలో దంపతుల తర్వాత ఎక్కువ ఫొటోల్లో ఉన్న పెద్దమనిషి మా చుట్టమే కాదు. ఆ ఘనకార్యం నాది. దాచుకుందామంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆల్బం చూపిస్తున్నారు. అందుకని నా నోటితోనే చెప్పేస్తాను.

అప్పుడు నేను తమిళనాట కోవిల్‌పట్టిలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన పీటీ మాస్టర్ని. మెడలో ఈల వేసుకుంటే లోకమంతా వరసలో నిలబడుతుందని నమ్మే వయసు. పెళ్లి విరుదునగర్‌లో, మగపెళ్లివారి ఊళ్లో. శుక్రవారం కాబట్టి పదిన్నరకు రాహుకాలం. తాళి తొమ్మిదికల్లా కట్టేస్తారు. ఆ గంటన్నరలో ఫొటోలన్నీ ముగించి పిల్లను అత్తారింటికి పంపాలి. ఫొటోల సంగతి నాకొదిలేయండి అన్నాను. మా నాన్న వద్దనే అన్నారు. నేను వింటేగా.

స్పోర్ట్స్ డే మార్చ్‌పాస్ట్‌కు వేసినట్టే పట్టిక వేశాను. పద్దెనిమిది గ్రూపులు, గ్రూపుకు నాలుగు నిమిషాలు. ముందురోజు పెళ్లికొడుకు ఫోన్ చేసి ఒకే ఒక్కటి కోరాడు. తండ్రి పోయాక అతణ్ణి పెంచింది వత్రాప్‌లో ఉండే తాతేనట. "ఎవుర్ని మరిచినా సరే బావా, మా తాత పోట్టో తప్పగూడదు. ఆయనకుండే ఆశ అదొకటే" అన్నాడు. ఒకటో గ్రూపులో ఎర్ర సిరాతో 'తాత' అని రాసుకున్నాను. ఆ తాతను నేను చూసిందే లేదు. నిశ్చయతాంబూలాల రోజున బడిపిల్లలను వెంటబెట్టుకుని ఆటల పోటీలకు పోయాను. అయినా ఆయన ఎలా ఉంటారని అడగాలని తోచలేదు. నా దగ్గర సొంత పద్ధతి ఒకటి ఉంది మరి.

మావి నల్లరేగడి పల్లెల్లోని తెలుగు ఇళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కాబట్టి మండపంలో తెలుగు వినబడితే చుట్టం, తమిళం వినబడితే అతిథి. ఇంత సులువైన సూత్రం మరెవరికీ తట్టనందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. మండపం కూడా గడప అవతలిదే కదా అన్న ముక్క మాత్రం నాకు తట్టలేదు.

తొమ్మిదికి ఈల ఊదాను. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, ఫొటో ఇప్పుడేనా తంబీ అని తమిళంలో అడిగారు. నేనూ తమిళంలోనే, ఎంతో మర్యాదగా, ఇది కుటుంబం ఫొటో అయ్యా, అతిథులది పదిహేడో గ్రూపు, ఈలోగా మీరు పోయి భోంచేయండి అన్నాను. ఆయన నన్నూ నా ఈలనూ ఒకసారి చూసి, చెప్పినట్టే భోజనాల గదివైపు నడిచారు. ఎంత క్రమశిక్షణ గల మనిషి అనుకున్నాను.

ఇక తాత కోసం వెతికితే, మెట్ల దగ్గర కుర్చీలో నల్లకళ్లద్దాల పెద్దాయన ఒకరు ఫోనులో తెలుగు మాట్లాడుతున్నారు. కంటి ఆపరేషన్ అయి వారమైనా కాలేదట. పెళ్లికొడుకు తాత మీరేనా అంటే, నేనే అన్నారు. చెయ్యి పట్టుకుని తెచ్చి ముందువరస నడిమి కుర్చీలో కూర్చోబెట్టాను. పెళ్లికొడుకు చూడలేదా అని మీరడుగుతారు. అతను వెనక నిలబడి ఉన్నాడు. వెనకనుంచి చూస్తే మా వైపు తాతలందరూ ఒకటే: తెల్లజుట్టు, భుజాన తుండు. మా వాళ్లేమో ఈయన మగపెళ్లివారి పెద్ద అనుకున్నారు, మగపెళ్లివారు మా పెద్ద అనుకున్నారు. పెళ్లికొడుకు తల్లి రెండుసార్లు ఏదో అడగబోయింది. రెండుసార్లూ ఈల ఊదాను. తాత చక్కగా కదలకుండా కూర్చున్నారు కదా అని, గ్రూపు తర్వాత గ్రూపుకు ఆయన్ను అక్కడే ఉంచాను.

పదకొండు గ్రూపులయ్యాయి. మేడమీదినుంచి ఒకామె గబగబా దిగివచ్చింది. "మామా, ఈడ కూసోనుండారా? మేడమీద మన పెండ్లిలో అందరూ మిమ్మల్నే ఎతకతా ఉండారు."

పైన నేతపనివాళ్ల ఇంటి పెళ్లి జరుగుతోంది. వాళ్లదీ తెలుగే. ఈయన ఆ పెళ్లికొడుక్కి తాత.

ఆయన నిదానంగా లేచారు. "నాకు కండ్లు తెలియదు గదమ్మా. ఈ అబ్బోడు రా తాతా అనె, వస్తిని. ఆడ నన్ను ఎవురన్నా పిలిచినారా?"

"మా తాత యాడ బావా?" అన్నాడు పెళ్లికొడుకు. మా చెల్లెలు ఏడుపు ఆపుకుంటూ నా చెవిలో, "ఆ ఇంట్లో బతకవలసింది నేను అన్నా, నీవు గాదు" అంది. అప్పుడు గుర్తొచ్చారు నాకు, ఆ క్రమశిక్షణ గల మనిషి.

భోజనాల గదిలో, వడ్డించిన ఆకు ముందు, తాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క మెతుకు ముట్టలేదు. నన్ను చూసి, ఈసారి తెలుగులో, "నా మనవడి పక్కన నిలబడేదానికి నీ ఉత్తరువు కావల్నా అప్పా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్లమీద పడి, తప్పయిపోయింది రండి తాతా అని బతిమాలాను. పదీ ఇరవై అయింది. ఆయన లేచేసరికి నాకు ఏడుపే వచ్చింది.

వేదిక మీద మనవడు ఆయన్ను వాటేసుకున్నాడు. తాత తుండుతో కళ్లు తుడుచుకుని, కొత్త దంపతుల మధ్య నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. పెళ్లికూతురి అన్నను కదా అని నేనూ మెల్లగా వరస చివర చేరాను. తాత తల తిప్పి నన్ను చూశారు. చక్కటి తమిళంలో, ఎంతో మర్యాదగా, "ఇది కుటుంబం ఫొటో తంబీ. మీరు పోయి భోంచేయండి" అన్నారు.

మండపమంతా ఒకటే నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా చెల్లెలు. ఆ నవ్వుతోనే ఫొటో పడింది. రాహుకాలానికి రెండు నిమిషాల ముందు వాళ్లు కారెక్కారు. నేను పోయి భోంచేశాను. పాయసం అయిపోయింది.

లెక్కకు ఇదీ ఆల్బం: పై పెళ్లి తాత పదకొండు ఫొటోల్లో, మా తాత ఒక్కదాంట్లో, నేను దేంట్లోనూ లేను. కాబట్టి నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ పెళ్లిలోనూ ఎవరు చుట్టమో ఎవరు అతిథో నేను తేల్చను. కుర్చీలు మొయ్యమంటే మోస్తాను, వాటిలో ఎవరు కూర్చోవాలో మాత్రం నన్నడగకండి.