నల్లగండి వాగులో పడిందెవరు?

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో కొత్త మనిషి పరిచయమైతే పేరు తర్వాత, ఊరు తర్వాత, మెల్లగా గొంతు తగ్గించి "మీరు ఏ పక్కప్పా?" అని అడిగేవాళ్ళు. ఏదో ఒక పక్క ఉండి తీరాలి. టీ అంగళ్ళకు పక్షాలుండేవి, మంగలి షాపులకు పక్షాలుండేవి. నేనొకసారి తెలియక అవతలి వాళ్ళ అంగట్లో టీ తాగి, దానికి మా చిన్నాయన చేత వారం రోజులు మాటలు పడ్డాను (టీ మాత్రం బాగుండేది, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు). ఈ పక్క నిలబడే ధైర్యం లేదు, ఆ పక్క నిలబడే ధైర్యం అంతకంటే లేదు. అలాంటివాడు ఏం చేస్తాడు? సొంతంగా ఒక రాజ్యం పెట్టుకుంటాడు. నేనూ అదే చేశాను.

దానికి కారకుడు మా బావ. మేనమామ కొడుకు, బెంగళూరులో ఇంజనీరింగు చదివేవాడు. ఒక వేసవికి వస్తూ కొన్ని జిరాక్సు కాగితాలు తెచ్చాడు. ఎక్కడో విదేశంలో పేరూ ఊరూ తెలియని కుర్రాళ్ళెవరో, ఏ కంపెనీ అండా లేకుండా తామే తయారు చేసి తామే అచ్చు వేసుకున్న ఆటట అది. బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒకడు కథ చెప్పాలి, మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిగా మారాలి. "ఎదురుగా వాగు పారుతోంది, ఏం చేస్తావు?" అని కథకుడు అడిగితే ఆ మనిషి ఏం చేస్తాడో ఆడేవాడు చెప్పాలి. అది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. గెలవడం, ఓడడం లేవు, కథ అలా నడుస్తూనే ఉంటుంది. దీనికి ఇరవై ముఖాల పాచిక కావాలన్నారు. ఆరు ముఖాలకు మించిన పాచికను మేము కలలో కూడా చూడలేదు కనుక చింతపిక్కల మీద పెయింటుతో అంకెలు వేసి, చెంబులో పోసి, కళ్ళు మూసుకుని ఒకటి తీసేవాళ్ళం. ఆ కాగితాల్లో మంచు కొండలూ దేవదారు అడవులూ ఉండేవి. మంచును ఫ్రిజ్జులో తప్ప చూడని నేను వాటిని తీసేసి నాపరాతి గుట్టలు పెట్టాను, తుమ్మ చెట్లు నాటాను, వానొస్తేనే పారే ఒక వాగు తవ్వించాను. ఆ సీమకు నల్లగండి అని నామకరణం చేశాను. డిగ్రీ అయిపోయి చిన్నాయన బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే వాడికి ఒక సీమ మొత్తం చేతికొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నడక మారిపోయింది. మెట్లు దిగేటప్పుడు కూడా కొంచెం ఆగి దిగేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నాలు కొట్టుపైన గోడౌనులో, చీరల మూటల మధ్య మా సభ. పులివెందుల నుంచి వచ్చేవాడు లాయరు (అప్పటికి లా మొదటి ఏడే, వాదన మాత్రం సీనియరుది). వీరపునాయునిపల్లె నుంచి పొట్టోడు, వాళ్ళకు గొర్రెల మందలుండేవి. జమ్మలమడుగు నుంచి వచ్చేవాణ్ణి మీసాలు అనేవాళ్ళం. వాడు పెద్దముడియం వైపు పెద్ద సేద్యగాళ్ళ ఇంటి పిల్లవాడు, ఊళ్ళో పరిస్థితులు బాగాలేక వాళ్ళు జమ్మలమడుగులో ఇల్లు తీసుకుని ఉండేవాళ్ళు. మీసాలు నా నల్లగండిలో కోటదొర. ఇద్దరు కలిస్తే గొంతు పెగలని మనిషి, కోటదొర అయ్యాడంటే గోడౌను కిటికీలు అదిరేలా మాట్లాడేవాడు.

ఆట మొదలైన కొత్తలోనే నాకొక సంగతి అర్థమై ఉండాల్సింది. కాగితాల ప్రకారం గుట్ట మీద ఒక రాక్షసుడుంటాడు, వీరులు పోయి వాణ్ణి చంపుతారు. నేను రాక్షసుణ్ణి ఎంతో కష్టపడి వర్ణించాను. కోరలు, పొగ, అన్నీ. అంతా విని లాయరు అన్నాడు: "వీణ్ణి సంపితే మనకేమొస్తాదప్పా? వాని కింద మూడూర్లుండాయి. మన పక్కకు తిప్పుకుందాం." పొట్టోడు రాయబారం పోయాడు. సాయంత్రమయ్యేసరికి రాక్షసుడికి గుట్ట కింది రోడ్డు పని ఇప్పిస్తామని మాటిచ్చారు, వాడు కోరలు దాచుకుని నవ్వాడు. ఆ తర్వాత వాడి తమ్ముడు అలిగి వేరే వర్గం కట్టాడు. నేను తయారు చేసిన మహా భయంకర సీమలో ఎవరికీ భయం లేదు, అందరూ అందరితో మంతనాలాడుతున్నారు.

పైగా ఈ ఆట ప్రొద్దుటూరులో ఆగలేదు. లాయరు పులివెందులలో తన జతగాళ్ళకు నల్లగండి కథే చెప్పి ఆడించేవాడు, మీసాలు జమ్మలమడుగులో ఇంట్లోవాళ్ళతో ఆడేవాడు. ఒక్కటే సీమ, మూడు ఊళ్ళు. పులివెందుల ఆటలో నల్లగండి రాణి కొత్త బావి తవ్విస్తే ఆదివారం కల్లా ఆ నీళ్ళు మా గోడౌనుకు వచ్చేవి. బయటికి "మంచిదేలే" అనేవాణ్ణి కానీ, లోపల మాత్రం నా కడుపు మండేది. నా సీమలో నాకు చెప్పకుండా బావులా?

అంతలో ఎలక్షన్లొచ్చాయి. మీసాలు రావడం మానేశాడు. కబురు లేదు, కాగితం ముక్క లేదు. ఒక ఆదివారం చూశాను, ఇంకో ఆదివారం చూశాను. నా దర్బారుకు రాకుండా ఉంటాడా అని పౌరుషం ముంచుకొచ్చింది. ఆ రోజు వాగు పొంగించాను. కోటదొరను గుర్రమెక్కించాను. నడి వాగులో గుర్రం కాలు జారింది, మనిషి కొట్టుకుపోయాడు, కథ కంచికి. చింతపిక్క కూడా తియ్యలేదు. పొట్టోడు నోరు తెరిచాడు. "బల్ల మీద చెప్పిన మాటకు తిరుగులేదు, కాగితాల్లో ఉంది" అన్నాను.

అంతే, మూడు ఊళ్ళల్లో ఊహాగానాలు లేచాయి. కోటదొర చావలేదని. పొట్టోడి వాదన: "పొంగిన వాగులోకి గుర్రం దిగదు మామా, జీవాలకు తెలుస్తాది. దిగిందంటే ఎవరో తోసినారు." పులివెందుల వాళ్ళ వాదన: కోటదొర రాక్షసుడి దగ్గర తలదాచుకుని సమయం చూసుకుంటున్నాడు. రాణికీ ఇందులో చెయ్యి ఉందని మరో వాదన, దానికి సాక్ష్యంగా ఆ కొత్త బావి. నాకు పిచ్చెక్కింది. ఒక ఆదివారం బల్ల గుద్ది, "కోటదొర చచ్చినాడు. నేను చెప్తున్నాను గదా! చంపింది నేనే గదా!" అని అరిచాను.

లాయరు తాపీగా అన్నాడు: "అదేప్పా నేను చెప్పేది. సంపినోని మాట యాడన్నా సాక్ష్యంగా తీసుకుంటారా? శవం యాడ?"

ఆ వారంలోనే ఒక పొద్దున మీసాలు పెద్దనాయన మా కొట్టుకొచ్చాడు. పంచె కట్టు, తెల్ల చొక్కా. చిన్నాయన ఆయన్ను చూడగానే గద్దె మీది నుంచి లేచాడు. ఆయన ఏ కోపమూ లేకుండా, "మా అమ్మ మీ పిల్లోనితో మాట్లాడాలంటాంది. రాజీ చేసుకుందామని" అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. మా వైపు రాజీ అంటే చిన్న మాట కాదు. ఇద్దరిదీ కాని ఇల్లొకటి చూడాలి, పెద్దమనుషులు కూర్చోవాలి, షరతులు అనుకోవాలి, చివర ఒక్క పంక్తిలో భోజనం చెయ్యాలి. చిన్నాయన చేతిలోని చీర జారిపోయింది.

"యేం చేసినావురా?"

"కోటదొరను చంపినాను చిన్నాయనా. అంటే మీసాలును. ఆటలో."

ఆటా పాటా అని కొట్టిపారేస్తాడనుకున్నాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఆటలోనే గానీ, ఇంతమందిలో వాళ్ళింటోడే దొరికినాడా నీకు సంపేదానికి?"

జమ్మలమడుగులో లాయరు వాళ్ళ పెద్దమ్మ ఇల్లు ఖాయమైంది. నా తరఫున లాయరు, పొట్టోడు వచ్చారు (లాయరు నా తరఫో అవతలి తరఫో బస్సు దిగేదాకా నాకు తేలలేదు). వరండాలో నాపరాయి అరుగు మీద మీసాలు జేజి కూర్చుని ఉంది. నాన్నను కన్న తల్లి. తెల్ల చీర, బోసి మెడ, చేతిలో వక్కాకు సంచి. మీసాలు వెనక కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"కూచో నాయనా" అంది జేజి. "ఆటని నాకు తెలుసు. నాకేం మతి పోలేదు. వాగు దాటేతప్పుడు మా పిల్లోని పక్కన ఎవరుండ్రి?"

"ఎవరూ లేరు జేజీ. ఒక్కడే."

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఒక్కడే ఎట్ల పోతాడు నాయనా? కోటదొర అంటివి. ముందొక మనిషి, వెనకొక మనిషి లేకుండా దొర యాడికన్నా పోతాడా? మా ఇంట్లో మొగోళ్ళు పొలానికి కూడా ఒంటిగా పోరు. పట్నపోడివి, నీకు తెల్దు."

ఇన్నాళ్ళూ ఎవరెవరో ఎన్నెన్ని వాదనలు చేసినా కదలని నా వాగు, ఆ ఒక్క ప్రశ్నకు ఎండిపోయింది. నిజమే, మా జిల్లాలో పుట్టిన ఏ పసిపిల్లవాణ్ణి అడిగినా చెప్పే సంగతది. కానీ పౌరుషం ఊరుకోదు గదా. "కాగితాల్లో ఉంది జేజీ, చెప్పిన మాట మార్చకూడదని" అని గొణిగాను.

అప్పుడు మీసాలు నోరు విప్పాడు. "నన్నొక్క మాటన్నా అడక్కుండా సంపితివి గదప్పా. ఎలక్షన్లప్పటి నుంచి నన్ను గడప దాటనీలేదు. కబురు కూడా పంపనీలేదు. ఇంట్లో కూచోని జేజితో ఆడుకుంటాండా. నేను బయట తిరిగేది నల్లగండిలోనే గదా. ఆడ గూడా ల్యాకుండా చేస్తివి."

సిగ్గుతో నేల చూశాను. ఏడుపొచ్చింది కూడా, దాచుకోను. నేను దర్బారనుకున్నది వాడికి తిరగడానికి మిగిలిన ఒక్క వీధి. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. "కోటదొర బతికే ఉన్నాడు జేజీ" అన్నాను.

"అది నాకు తెలుసు" అంది ఆమె. "వాని బట్టలేసుకోని ఇంగొకడు గుర్రమెక్కినాడు. అట్లనే చేస్తారు." వరండాలో అందరూ ఊపిరి వదిలారు. లాయరు నవ్వుతూ నా వీపు తట్టాడు. రాజీ అయిపోయిందని నేను లేవబోయాను.

"ఉండు" అంది జేజి. "మరి ఆ పడినోడు ఎవరు?"

నేను మళ్ళీ కూర్చున్నాను.

"వానికీ ఒక పేరుంటాది గదా. అమ్మ ఉంటాది గదా." జేజి వక్కాకు సంచి మూతి ముడేసింది. "మా ఇంటాయన పోయిననాడు ఆయన పక్కన ఇంగొకడు పోయినాడు. మా జీతగాడు. మా ఇంటాయన ఫోటోకు ఇప్పటికీ దండేస్తారు. వాని పేరు మా ఇంట్లో ఎవరన్నా ఎత్తుతారా, అడుగు." పక్కన నిలబడిన పెద్దనాయన గోడ వైపు చూశాడు. ఆమె ఆ పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, వాళ్ళ వాళ్ళు ఇంకా ఆ ఊళ్ళో ఉన్నారు. "ఆ పేరే పెట్టు నాయనా. వాళ్ళమ్మకు నల్లగండిలో మంచి భూమి చూసియ్యి. నీళ్ళున్న భూమి. ఆ బావి కాడ."

అలా రాణి బావి పక్కన ఒక ముసలామెకు భూమి వచ్చింది. ఎవరినీ అడక్కుండా వాళ్ళ మనిషిని చంపకూడదన్న షరతు కూడా రాజీలో చేరింది. భోజనాల్లో జేజి స్వయంగా వడ్డించింది. సంగటి, వేటమాంసం చియ్యల కూర, మీద తీపికి ఓళిగలు. చాలంటే వినలేదు. అది మర్యాదో శిక్షో నాకు ఇప్పటికీ తేలలేదు, బస్సులో మాత్రం ప్రొద్దుటూరు దాకా పక్కకు ఒరగలేకపోయాను.

తర్వాత అందరికీ పెళ్ళిళ్ళూ ఉద్యోగాలూ వచ్చాయి, గోడౌనులో మళ్ళీ చీరలే మిగిలాయి. జేజి పోయింది. మీసాలు గడప దాటాడు, ఇప్పుడు తీరిగ్గా ఒంటరిగా తిరుగుతాడు, పొట్ట కూడా వచ్చింది. నల్లగండి మాత్రం నేను లేకుండానే నడిచింది. ఆ సంగతి నాకు మొన్న మొన్నటి దాకా తెలియదు.

పులివెందులలో ఒక పెళ్ళికి పోయాను. భోజనాల తర్వాత మిద్దె మీద కాలేజీ పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక అమ్మాయి కథ చెబుతోంది. "నల్లగండి" అన్న మాట చెవిన పడి అక్కడే ఆగిపోయాను. నన్ను చూసి ఆ అమ్మాయి, "రాండి సార్, కూచోండి. ఇది శానా పాత ఆట సార్. దీన్ని ఎవరు పెట్టినారో కూడా ఎవరికీ తెల్దు" అంది. ఒకప్పటి నేనైతే అక్కడే చొక్కా సర్దుకుని నా పేరు చెప్పేవాణ్ణి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ అమ్మాయి ఎంత ముచ్చటగా నాకు నా సీమనే వివరిస్తోందంటే, "అట్లనా" అన్నాను. కోటదొర అసలు లేనే లేడట, అదొక పెద్ద వాదన. ఉన్నదల్లా బావి కాడి ముసలామె, ఆమె కొడుకేనట. ఆ కొడుకు పేరు చెప్పింది. ఒక్క అక్షరం కూడా పోలేదు.

"మీకు మొదటిసారి గదా సార్, చిన్న మనిషిని తీసుకోండి" అని నాకు ఒక కాపలావాణ్ణి ఇచ్చారు. నేనూ ఉత్సాహంగా తలుపు దగ్గర నిలబడ్డాను. పావుగంట గడిచిందో లేదో అవతలి వర్గం గోడ దూకింది. ఆ అమ్మాయి కథ ఆపి, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది.

"సార్, మీవోడు ఇప్పుడు సావాల. మీకు సమ్మతమేనా?"

"అడగాల్నా?" అన్నాను.

"అడక్కుండా ఎట్ల సార్? ఆటలో అదొక్కటే రూలు. మిగతాయన్నీ మారిపోయినాయి."

నేను తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఏమనుకుందో ఏమో, ఆ అమ్మాయి నీళ్ళ గ్లాసు అందించింది. కింద నుంచి మా ఆవిడ బస్సుకు టైమైందని పిలుస్తోంది. పిల్లలంతా నా మాట కోసం చూస్తున్నారు. ఆ కాపలావాడు పావుగంట ముందు పుట్టినవాడు, వాడికి ఇంకా పేరు కూడా లేదు.

"వద్దులేమ్మా" అన్నాను. "బతకనీండి. ముందు వానికొక పేరు పెడదాం."